పగుళ్ల లెక్క

నా ఉద్యోగం పగుళ్లు కొలవడం.
గ్రోనింగెన్‌కి ఉత్తరాన
చక్కెరదుంపల పొలాల అడుగునుంచి
అరవై ఏళ్లు గ్యాసు తోడుకున్నారు.
తోడినచోట నేల సర్దుకుంటుంది,
నిద్రలో పక్కకు ఒత్తిగిలిన మనిషిలా.
ఇటుక గోడలు ఆ సంగతిని
మెట్లు మెట్లుగా రాసిపెట్టుకుంటాయి.

నిచ్చెన, టార్చిలైటు, గీతల ప్లాస్టిక్ బిళ్లలు,
పదకొండు పేజీల ఫారం.
మొదటి ప్రశ్న: ఇది ఎప్పుడు పడింది?
ఎవరూ సరిగ్గా చెప్పలేరు.
చూసిన రోజునే పడిన రోజంటారు.

స్టేడుమ్‌లో, అద్దె ఇంట్లో, ఆఫ్కె వియర్స్‌మా మాత్రం
"మంగళవారం, తెల్లవారుజామున రెండూ నలభైకి" అంది.
"ఇంట్లో లేను. ప్రయోగశాలలో
సూది దగ్గర ఉన్నాను."

సూదికి ఫారంలో గడి లేదు.
అయినా అడిగాను.

కాఫీ చల్లారిపోయింది, ఆమె చెబుతూనే ఉంది.
రెండు లోహాల మధ్య హాఫ్నియం ఆక్సైడు పొర.
వెంట్రుకను పదివేల పాయలు చీలిస్తే
అందులో ఒక పాయంత.
మొదట అది ఉత్త రాయి, కరెంటుని పోనివ్వదు.
"అందుకని ముందు దాన్ని పగలగొడతాం,"
పిల్లికి చేప ముల్లు తీసిపెడుతూ అంది.
ఒక్కసారే, గట్టిగా, హద్దు దాటకుండా.
లోపల ఆక్సిజన్ చోటు ఖాళీ చేసి జరుగుతుంది,
ఆ ఖాళీలు ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి,
ఆ సందులోంచి విద్యుత్తు నడుస్తుంది.
నడిచినకొద్దీ దారి వెడల్పవుతుంది.
ఎదురు నడిపిస్తే పూడుతుంది.
స్విచ్ ఆపేసినా
ఎంత నడిచిందో అంత మిగిలి ఉంటుంది,
గుర్తుగా.

కాగితం రుమాలు మీద పడుకున్న ఎనిమిది అంకె గీసింది.
వెళ్లిన దారిన తిరిగిరాని కరెంటు బొమ్మట అది.

తర్వాత కిటికీలోంచి సముద్రం వైపు చెయ్యి చూపింది.
తీరాన కిటికీలే లేని పొడుగాటి భవనాలు,
వాటి కోసం రాత్రింబగళ్లు తిరిగే గాలిమరలు.
అక్కడ లెక్క ఒకచోట, జ్ఞాపకం వేరేచోట.
ఉప్పుడబ్బా పక్కవీధిలో పెట్టుకుని
బఠాణీ సూపు కాచినట్టు.
చిటికెడు చిటికెడుకీ పోయి రావాలి,
ఖర్చంతా నడకకే.
"తలకాయ అలా చెయ్యదు కదా," అంది,
"తలుచుకున్నచోటే దాచుకుంటుంది.
ఇరవై వాట్లు చాలు దానికి,
ఫ్రిజ్‌లో వెలిగే పాత బల్బంత."

నా తల తడుముకున్నాను, ఎందుకో.

ఆ మంగళవారం ఆమె చిప్ మీద అరవై నాలుగు గదులు.
ఎనభై అయిదు డిగ్రీల సెగ మీద పెట్టి
ఎన్నాళ్లు మరిచిపోకుండా ఉంటాయో చూస్తోంది.
రెండూ నలభైకి
బల్ల కాళ్లలోని గాలితిత్తులు ఊపిరి బిగబట్టాయి.
సూది జరిగింది. తెర మీద గీత తెగింది.
మళ్లీ వెతికి, సూదిని ఒక్కో గది మీద దించి,
ఒక్కోదాన్నీ అడుగుతూ పోయింది,
పాల వ్యాను వచ్చేదాకా.

అరవై ఒకటి చెప్పిందే చెప్పాయి.
మూడు మరిచిపోయాయి.
"అదురువల్లేనా?"
"ఏమో. ముందే మరిచిపోయాయేమో.
మొదట్లో సరిగ్గా పగల్లేదేమో.
ఇప్పుడు నా పనంతా ఆ మూడింటితోనే."

వంటగది తలుపు పైన పగులు కొలిచాను:
మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.
అటూ ఇటూ బిళ్ల అతికించి తేదీ వేశాను.
మూడు నెలలకి మళ్లీ వస్తానన్నాను.
"పెరిగితే?"
పరిహారం ఇస్తారు.
"పూడితే?"

ఇరవై రెండేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.
గోడకి ఎదురు నడక తెలీదన్నాను.
ఆమె నవ్వలేదు. బిళ్ల మీది సన్నగీతల్ని
చదువుతున్నట్టు చూస్తూ నిలబడింది.

వ్యానులో కూర్చుని ఫారం నింపాను.
ఎప్పుడు పడింది: మంగళవారం, రెండూ నలభై.
సాక్షులు ఎందరు అన్న గడి దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
అరవై ఒకటి అని రాశాను.

ఆఫీసులో అడుగుతారు.
అడిగినప్పుడు చూద్దాం.